ఎదురొచ్చే అత్త

మా అత్త పోయిన కబురు నాకు బంధువుల కంటే ముందు ఒక లారీ డ్రైవరు చెప్పాడు. తెల్లారి నేను కాలేజీకి తయారవుతుంటే ఫోన్ మోగింది. "మేడం, అక్క ఎదురు రాలేదు," అన్నాడు. లోడు ఎక్కించి, తాళ్లు బిగించి, అత్త ఇంటి ముందు ఇంజను ఆన్ చేసుకుని కూర్చున్నాడట. ఎప్పటిలా ఆమె చెంబు పట్టుకుని బయటికొస్తే బండి కదిలించాలని చూశాడట. ఎంతకీ రాకపోతే తలుపు తట్టాడు. ఆమె నిద్రలోనే వెళ్లిపోయింది. పక్కన ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది, తలగడ కింద కళ్లద్దాలున్నాయి.

ఏడవాల్సింది ఏడ్చేశాం. కానీ ఆమెను తలచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది. చావింటి మర్యాద తెలియనిదని ఎవరన్నా అనుకుంటే అనుకోండి, ఈ నాలుగు మాటలూ నవ్వుకుంటూనే రాస్తున్నాను.

ఆమె మా నాయనకు అక్క. నంద్యాలకు ఇచ్చారు. పెళ్లయిన కొన్నేళ్లకే మామ పోతే తాత ఆమెను ఆళ్లగడ్డలో మా ఇంటికి తీసుకొచ్చేశాడు. మా వీధికి రెండు పక్కలా శిల్పాలు చెక్కే షెడ్లు. పొద్దున లేస్తే ఉలి చప్పుడు, రాత్రి పడుకునేటప్పటికి చీర కొంగు మీద రాతి దుమ్ము. మా పొలం రుద్రవరం దిక్కున ఉంది. నాయన రోజూ పొద్దున్నే బయల్దేరాలి. ఆ బయల్దేరడమే ఒక పెద్ద తతంగం.

నాయనకు శకునాల పిచ్చి. ఒంటి తుమ్ము వినపడకూడదు, పిల్లి అడ్డం పోకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా ముండమోసిన మనిషి ఎదురు రాకూడదు. ఆ మాట రాయడానికి నాకు చేయి రావడం లేదు గానీ, మా ఇంట్లో అది పప్పు, ఉప్పు అన్నంత మామూలుగా అనేవాళ్లు. ఎదురొస్తే వెనక్కి తిరిగి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. అప్పుడు దోషం పోతుందని లెక్క. వేరే ఇళ్లలో అలాంటి ఆడవాళ్లు ఆ సమయానికి తలుపు చాటుకు పోయేవాళ్లు. మా అత్త పోలేదు. నాయన గడప దాటగానే సరిగ్గా ఎదురొచ్చేది. వట్టి చేతులతో కాదు, చెంబుతో నీళ్లు పట్టుకుని.

"ఇదో, నీళ్లు. కూర్చో, తాగు, పో. నాకూ పనుండాది," అనేది.

నాయన పళ్లు కొరుక్కుంటూ అరుగు మీద కూర్చుని ఆ నీళ్లే తాగేవాడు. "ఊరికంతా శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్లో పడిందంట," అని అత్త చెంబు తీసుకుని లోపలికి పోతూ మాకు వినపడేలా అనేది. మేము పిల్లలం నోళ్లు మూసుకుని నవ్వేవాళ్లం.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, "నీకు బాధ కలగలేదా అత్తా?" అని.

"కలక్కుండా ఎట్లుంటాదమ్మీ? అట్లని దినామూ ఏడుస్తా కూర్చుంటామా? మీ నాయన సంగతి నీకు తెల్దు. నేను ఎదురు రాకుంటే గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా ఎండన పడి పోతాంటాడు. ఎట్లో ఒకట్ల తాగిస్తాంటి," అంది.

ఇదీ ఆమె లెక్క.

తాత పోయిన ఏడాది ఆమె పెట్టె సర్దుకుని నంద్యాలకు తిరిగి వెళ్లింది. మామకు ఒక పాత లారీలో సగం వాటా ఉండేది. ఆ వాటాతో బియ్యం మిల్లుల దగ్గర లారీ బుకింగ్ ఆఫీసు తెరిచింది. ఒక టేబులు, రెండు కుర్చీలు, ఒక ఫోను. సరుకున్నవాడికి బండి చూపించడం, బండి ఉన్నవాడికి సరుకు చూపించడం ఆ ఆఫీసు పని. అందులో ఆమెకు చేయి తిరిగిన విద్య ఒకటుంది: తిరుగు బండి పట్టడం. ఎక్కడో సరుకు దింపి ఖాళీగా ఇంటికి పోయే లారీని దారిలో ఆపి లోడు ఇప్పించడం. "ఖాళీ బండి యాడనో ఒకచోట వస్తానే ఉంటాది. అడిగినోనికి దొరుకుతాది," అనేది. ఈ సూత్రాన్ని ఆమె లారీలతో వదల్లేదు. నా పెళ్లికి వంటవాళ్లు చివరి నిమిషంలో ఎగ్గొడితే, పగిడ్యాలలో ఏదో పెళ్లి వాయిదా పడి సామాన్లతో తిరిగి పోతున్న వంటవాళ్లను పట్టుకొచ్చింది. ఆ పెళ్లివారి కోసం కలిపిన పిండితోనే మా పెళ్లిలో ఓళిగలు చేశారు. అంత మెత్తటి ఓళిగలు నేను మళ్లీ తినలేదు.

డ్రైవర్లకు ఆమె మంచి శకునం ఎలా అయిందో కూడా చెప్పాలి. కొత్తగా బండెక్కిన ఒకతను భయపడుతూ లోడుతో కదులుతుంటే ఈమె అడ్డంగా ఎదురొచ్చింది. అతను బ్రేకు కొట్టి తల పట్టుకున్నాడట. "నీళ్లు తాగి పోతావా, టీ తాగి పోతావా?" అని అడిగింది. టీ తాగిపోయాడు. ఏ ఇబ్బందీ లేకుండా సరుకు దింపి, తిరుగు లోడు కూడా దొరికి, వారం తిరక్కుండా నవ్వుతూ వచ్చాడు. ఇంక చూడండి. డ్రైవర్ల నమ్మకాల ముందు మా నాయన నమ్మకాలు ఏ మూలకు? అప్పటి నుంచి అక్క ఎదురు రానిదే అక్కడ బండి కదిలేది కాదు. ఆళ్లగడ్డలో చెడ్డ శకునం నంద్యాలలో మంచి శకునమైంది, మధ్యలో ఉన్నది గంట ప్రయాణం. ఈ సంగతి నాయనకు చెబితే, "డ్రైవర్లకేం తెలుసు," అని ముఖం తిప్పుకునేవాడు. ఆయన నంద్యాల వచ్చినప్పుడు కూడా, తిరిగి పోయే వేళకు అత్త ఎదురు రాకుండా పెరటి దారిన పోయేవాడు. ఆమె చుట్టూ తిరిగి ఆ పెరటి దారికే వచ్చేది, చెంబుతో సహా.

నాలుగేళ్ల కిందటి మాట. నాయనకు పొలం దగ్గర ఉన్నట్టుండి రొమ్ములో, వీపులో చీల్చినట్టు నొప్పి వచ్చింది. నంద్యాల ఆసుపత్రికి తెచ్చారు. అమ్మ అప్పటికే లేదు. నేను ఉరుక్కుంటూ వెళ్లాను. డాక్టరు స్కానింగ్ చూసి నన్ను పక్కకు పిలిచాడు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చీలిందనీ, అది పూర్తిగా పగలక ముందే ఆపరేషన్ చేయాలనీ, అది ఇక్కడ జరిగే పని కాదనీ చెప్పాడు. "హైదరాబాదులో మాట్లాడి బెడ్డు నేను పెట్టిస్తానమ్మా. కానీ రోడ్డు మీద అంతసేపు ఆయన ఆగుతాడని నేను చెప్పలేను. విమానం దొరుకుతుందేమో చూడండి," అని ఎయిర్ అంబులెన్స్ వాళ్ల నంబర్లు రెండు ఇచ్చాడు.

విమానం! మా ఇంటి దాకా వచ్చిన పెద్ద బండి అంటే వరికోత మిషనే. నేను మొదటి నంబరు కొట్టాను. విమానం ఢిల్లీలో ఉంది, రేపు వస్తుందన్నారు. రెండో చోట ఒకమ్మాయి ఎత్తింది. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడింది, కానీ అక్కడా అదే మాట. నేను వరండాలో కుప్పగా కూర్చున్నాను. అప్పుడు అత్త వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, నుదుటి మీద చెమటతో వచ్చి, నా చేతిలో ఫోన్ తీసుకుని ఆ రెండో నంబరే మళ్లీ కొట్టింది.

"అమ్మా, నేను పేషెంటు అక్కను మాట్లాడతాండా. నీ బండ్లు ఎవురినన్నా దింపేసి ఖాళీగా తిరిగి పోతాంటాయి గదా?"

"పోతుంటాయమ్మా, అప్పుడప్పుడు."

"ఈ పొద్దు మా దిక్కు ఎవురినన్నా దింపినాయా? బెంగుళూరుకో, తిరుపతికో, యాడికైనా?"

ఆ అమ్మాయి ఒక్క నిమిషం ఉండమంది. లైన్లో ఏదో పాట మోగుతోంది. నేను గోడకు తల ఆనించి ఆ పాట విన్నాను, ఇప్పటికీ ఆ పాట ఎక్కడన్నా వినపడితే లేచి అవతలికి పోతాను. ఆమె మళ్లీ వచ్చి, తమ దగ్గర లేదు గానీ వేరే కంపెనీ విమానం ఒకటి పొద్దున తిరుపతిలో ఒక పెద్దాయనను దింపిందని, హైదరాబాదు తిరిగి పోవాలని, వాళ్ల నంబరిస్తానని చెప్పింది. తన కంపెనీకి రాని బేరానికి అంత సాయం చేసిన ఆ పిల్ల చల్లగా ఉండాలి.

అత్త ఆ నంబరు కొట్టింది. "తిరుపతి నుంచి హైదరాబాదుకు పోతాండే బండి గదా. మా ఓర్వకల్లు ఏర్పోర్టు దోవలోనే ఉండాది. ఈడ దిగి మా తమ్ముణ్ణి ఎక్కించుకోని పో నాయనా," అంది, నంద్యాల బస్టాండులో బస్సు ఆపినంత సులువుగా. అవతలి మనిషి నవ్వాడో ఏమో, ఈమె కూడా నవ్వింది. ఆ తర్వాత ఒకటే పరుగు. విమానంలో ఉండే డాక్టరు మా డాక్టరుతో మాట్లాడాడు, రిపోర్టులు ఫోన్లో పంపించాం, దిగడానికి అనుమతి వాళ్లే చూసుకున్నారు. చీకటి పడక ముందే ఎగరాలన్నారు. రోగితో ఒక్కరే, చిన్న సంచి ఒక్కటే అన్నారు. నన్ను పొమ్మంది అత్త.

అంతలో ఆమె వేసిన చివరి ప్రశ్నకు మాత్రం మా డాక్టరు కూడా ఆగలేక నవ్వేశాడు. "డ్రైవరు భోంచేసినాడా?" అని అడిగింది పైలట్ గురించి. బండి మాట్లాడుకుంటే డ్రైవరుకు అన్నం పెట్టాలి, అది వాళ్ల వ్యాపారంలో నియమం. ఆ చిన్న సంచిలో నా చీర తీసేసి, పక్క హోటలు నుంచి తెప్పించిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టి పెట్టింది.

నాయనను స్ట్రెచర్ మీద అంబులెన్స్ ఎక్కించారు. ఓర్వకల్లు దాకా రోడ్డే. నేను ఎక్కి కూర్చున్నాను. చూస్తే అత్త లేదు. అంతసేపూ అందరినీ పరుగెత్తించిన మనిషి కనపడలేదు. నేను కిందికి దిగి వెతికాను. వరండాలో స్తంభం వెనుక, గోడకు ముఖం పెట్టి నిలబడి ఉంది.

"ఏందత్తా, ఈడ నిలబడ్డావు?"

"మీరు పోండమ్మీ. బండి పోయినాక వస్తా."

"ఎందుకు?"

ఆమె నా ముఖం చూడలేదు. "దోవలో ఏమన్నా అయితే? నేను ఎదురొచ్చినాననే కదా అంటారు. వాళ్లు అనకపోయినా, నేను అనుకోవల్ల గదా," అంది. చెంబు పట్టుకుని మా నాయనను ఆటపట్టించిన ఆమె నోట అలాంటి మాట ఎప్పుడూ వినలేదు.

అంబులెన్స్ డ్రైవరు హారన్ కొట్టాడు. తర్వాత హారన్ ఆపి, కిటికీలో నుంచి తల బయటపెట్టాడు. ఆయన ఒకప్పుడు అత్త ఆఫీసు నుంచి లారీలు తోలినవాడేనట, నాకు తెలియదు. "అక్కా! ఏంది ఆలస్యం? నువ్వు ఎదురు రాకుంటే నేను బండి కదిలించేది లేదు," అని అరిచాడు.

"నోర్మూసుకోని పో రా," అని స్తంభం వెనుక నుంచే తిట్టింది అత్త.

అప్పుడు లోపల నుంచి నాయన గొంతు వినపడింది. నొప్పి మందుకు మత్తుగా, సన్నగా. "అక్కను రమ్మను."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఆమె గేటు దాకా నడిచి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి, అంబులెన్స్ వెనుక తెరిచిన తలుపులకు ఎదురుగా మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. చేతిలో చెంబు లేదు. ఎవరి దగ్గరో నీళ్ల సీసా తీసుకుని పట్టుకొచ్చింది.

"వచ్చినా రా. నీళ్లు తాగుతావా మరి?"

"తాగకూడదన్నాడు డాక్టరు," అన్నాడు నాయన. ఆపరేషన్ ముందు గొంతులో చుక్క పడకూడదు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అంత నొప్పిలోనూ నాయన పెదవులు వణికాయి, నవ్వుకే. "ఇంక నీ శకునం తప్పేది లేదు అక్కా. పోయొస్తా."

"పోయి రా," అంది అత్త. నేను ఎక్కగానే డ్రైవరు బండి కదిలించాడు.

ఆ విమానం మన మినీ బస్సు కంటే చిన్నది. నాయన స్ట్రెచర్, యంత్రాలు, డాక్టరు, నర్సు, నేను. పైకి లేచాక నల్లమల ఒక పచ్చ దుప్పటిలా కిటికీలో నుంచి జారిపోయింది. నాయన కళ్లు తెరిచి, "అక్క ఎదురొచ్చింది గదా?" అని అడిగాడు. వచ్చిందన్నాను. "నీళ్లు తాగలేదు గదా?" తాగలేదన్నాను. "చూస్తాం, ఏమైతాదో," అన్నాడు. ఒక జీవితకాలపు నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన మనిషిలా ఉన్నాడు. హైదరాబాదులో దిగి, నాయనను వాళ్ల అంబులెన్స్ ఎక్కిస్తుండగా నేను ఆ పొట్లం పైలట్ చేతిలో పెట్టాను. ఇవి ఎవరు పంపారని అడిగాడు. బండి బుక్ చేసిన ఆమె అని చెప్పాను.

ఆపరేషన్ చాలాసేపు జరిగింది. నేను ఎంతమంది దేవుళ్లకు మొక్కానో నాకే తెలియదు. గొంతులో గొట్టం తీసిన రోజు నాయన మొదట అడిగింది నీళ్లు. ఆ మాట అత్తకు ఫోన్లో చెబితే అవతల నుంచి ముందు ఏడుపు, వెంటనే నవ్వు వినపడింది. "ఇప్పుడు తాగుతాండాడా! అంతా దాటినాక తాగితే ఏం లాభమంట?" అంది.

ఆ తర్వాత నాలుగేళ్లు నాయన అక్క ఎదురు రానిదే గడప దాటలేదు. నంద్యాలలో ఉన్న మనిషి ఆళ్లగడ్డలో ఎలా ఎదురొస్తుంది? వీడియో కాల్ చేసేవాడు. అది కూడా ఫోన్లో ముఖం చూపిస్తే కుదరదు. ఆమె ఫోన్ గోడకు ఆనించి పెట్టి, వంటింటి చివర నుంచి చెంబుతో నడుచుకుంటూ రావాలి. "బేగా రా అక్కా, ట్రాక్టరు నిలబడి ఉండాది," అని ఇక్కడ నుంచి ఈయన. "కాళ్లు నొప్పి రా, నీకేం పోయింది," అని అక్కడ నుంచి ఆమె. మందులు తేవడానికి పోయినా ఇదే వరస. ఎవరన్నా నవ్వితే, "నీళ్లు తాగకుండా పోయి బతికొచ్చినోణ్ణి నేను," అని గర్వంగా చెప్పేవాడు. అత్త మాత్రం విమానం గురించి ఎవరితో చెప్పినా ఒకటే మాట: "తిరుగు బండి దొరికిందిలేప్పా."

ఆమెను తీసుకుపోయే రోజు జనం ఆ వీధిలో పట్టలేదు. మిల్లుల రోడ్డు పొడుగునా లారీలు నిలబెట్టి డ్రైవర్లు నడిచి వచ్చారు. పాడె మోయడానికి వాళ్లూ మావాళ్లూ పోట్లాడుకున్నారు. ఆడవాళ్లు అంతదూరం రాకూడదన్నారు. ఆమె మేనకోడల్ని, నేను వెళ్లాను. సగం దారిలో పాడెను కాసేపు కింద దింపే ఆచారం ఉంది కదా, అయినవాళ్లు చెవి దగ్గర మూడుసార్లు పిలిచే చోటు. అక్కడ దింపారు. పిలవాల్సింది నాయన. చూస్తే నాయన లేడు.

అందరూ అటూ ఇటూ చూస్తున్నారు. అప్పుడు రోడ్డుకు అవతలి నుంచి వచ్చాడు. ముందే పోయి ఎక్కడ నిలబడ్డాడో. పంచె ఎగ్గట్టి, చేతిలో అత్త రాగి చెంబు పట్టుకుని, ఆమెకు సరిగ్గా ఎదురుగా నడిచి వస్తున్నాడు. "ఏందన్నా ఇది, పాడెకు ఎదురొస్తారా ఎవురన్నా?" అని ఎవరో అన్నారు. నాయన వినిపించుకోలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎదురొచ్చినా అక్కా. కూర్చున్నావు గదా. నీళ్లు తాగు," అన్నాడు.

చెంబు వంచి ఆమె పెదవులు తడిపాడు. నీళ్లు చెంప మీదుగా జారి పూల మీద పడ్డాయి. చెవి దగ్గరికి వంగి మూడుసార్లు పిలిచాడు, చిన్నపిల్లవాడు వాకిట్లో నుంచి పిలిచినట్టు. ఆమె పలకలేదు. నాయన లేచి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"ఇంక పోయి రా," అన్నాడు.

డ్రైవర్లు పాడె ఎత్తుకున్నారు. నాయన ఆ చెంబులో మిగిలిన నీళ్లు నిలబడే గటగటా తాగేశాడు.